మజిలీ మరిచిన ప్రయాణాలు

మా అమ్మకు డెబ్బై రెండేళ్లు. కారులో ఎక్కడికైనా వెళ్లాలంటే ముందు రోజు సాయంత్రం నుంచే ఆమె నీళ్లు తాగడం తగ్గించేస్తుంది. ఉదయం వేసుకోవాల్సిన బీపీ మాత్రల్లో ఒంట్లోని నీటిని బయటకు పంపే మాత్రను పక్కన పెట్టేస్తుంది. ఈ సంగతి మాకు చాలా ఏళ్ల దాకా తెలియలేదు. ఒక కార్తీక ఆదివారం నాగార్జునసాగర్ నుంచి తిరిగి వస్తుండగా, కళ్లు తిరుగుతున్నాయంటూ ఆమె సీటు మీద వాలిపోయినప్పుడు తెలిసింది. ఆ రోజు డిక్కీలో రెండు పెద్ద క్యాన్ల నిండా నీళ్లున్నాయి, ఫ్లాస్కులో మజ్జిగ ఉంది. వాటిని తాగాక మళ్లీ ఆగడానికి చోటు దొరుకుతుందన్న నమ్మకమే ఆమెకు లేదు.

ఆ తర్వాత బంధువుల ఇళ్లలో, స్నేహితుల ఇళ్లలో ఇదే విషయం అడిగి చూశాను. వయసుతో సంబంధం లేకుండా ఆడవాళ్లు చెప్పిన జవాబు దాదాపు ఒక్కటే. పిల్లల తల్లులు ఉదయం కాఫీ మానేస్తారు, మధుమేహం ఉన్న పెద్దవాళ్లు ఏదో ఒక సాకు చెప్పి ఇంట్లోనే ఉండిపోతారు, నెలసరి రోజులైతే అమ్మాయిలు ప్రయాణమే వద్దంటారు. మగవాళ్లలో చాలామందికి ఇది సమస్యగా కూడా తోచదు, ఎందుకంటే వాళ్లకు రోడ్డు పక్కన ఏ చెట్టు చాటైనా సరిపోతుంది. కుటుంబమంతా కలిసి సరదాగా గడపాలని వెళ్లే రోజున ఆ కుటుంబంలో సగం మంది దాహంతో కూర్చుంటున్నారంటే, మనం విహారాలను తలపెట్టే తీరులోనూ, ప్రభుత్వాలు రోడ్లను తలపెట్టే తీరులోనూ ఒకే లోపం ఉంది. రెండు చోట్లా చేరాల్సిన ఊరికే లెక్క ఉంది, మధ్యలో ఆగాల్సిన చోటుకు లేదు.

రోడ్లు బాగుపడితే ప్రయాణం సుఖమవుతుందని అందరం అనుకున్నాం. హైదరాబాదు నుంచి విజయవాడకు దాదాపు 270 కిలోమీటర్ల దారి రెండు వరుసలుగా ఉన్నప్పుడు సూర్యాపేటలోనో కోదాడలోనో దిగి, కాళ్లు చాపుకుని, తిని, మళ్లీ బయలుదేరడం తప్పనిసరిగా ఉండేది. నాలుగు వరుసలు వచ్చాక గంటకు పైగా కలిసివచ్చింది. కలిసివచ్చిన ఆ గంటను మనం విశ్రాంతికి వాడుకోలేదు, దూరానికి ఖర్చు పెట్టాం. ఒకప్పుడు హైదరాబాదు కుటుంబాలకు ఒక్కరోజు విహారమంటే గండిపేట, చిలుకూరు, కీసరగుట్ట, మహా అయితే యాదగిరిగుట్ట. ఇప్పుడు నూట యాభై కిలోమీటర్ల దూరంలోని సాగర్‌కు వెళ్లి, డ్యామ్, బుద్ధవనం, ఎత్తిపోతల మూడూ చూసి, రాత్రికి ఇల్లు చేరడం మామూలైపోయింది. రెండు వందల కిలోమీటర్లు దాటిన రామప్ప, లక్నవరం కూడా ఒక్కరోజు జాబితాలోకి వచ్చేశాయి. విశాఖపట్నం వాళ్లు బొర్రా గుహలను, అరకును ఒకే ఆదివారంలో ముగిస్తున్నారు. ఇది విహరించడం కాదు, చుట్టిరావడం. పదహారు గంటల్లో పది గంటలు కారు సీట్లో గడిచే రోజున పక్కపక్కనే కూర్చున్న మనుషులు కూడా ఒకరితో ఒకరు మాట్లాడుకునేది తక్కువే.

వనభోజనాల అసలు స్వభావం దీనికి పూర్తిగా భిన్నమైనది. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద కూర్చుని తినడమే ఆ రోజుకు పని. అక్కడి నుంచి ఇంకెక్కడికీ వెళ్లేది లేదు. ఊరికి దగ్గరగా, బావి ఉన్న తోట చూసుకునేవారు. పొయ్యి వెలిగించేవారు, కూరలు తరిగేవారు, పిల్లలు చెట్లెక్కేవారు, ముసలివాళ్లు చాపల మీద నడుం వాల్చేవారు. అప్పుడు కూడా ఆడవాళ్లకు చెట్ల చాటే దిక్కు కాబట్టి దాన్ని స్వర్ణయుగమని చెప్పను. పైగా ఈనాటికీ అనేక పట్టణాల్లో వనభోజనాలు ఏ కులానికి ఆ కులం విడిగా జరుపుకునే సభలుగా మారిపోవడం నన్ను చాలా బాధపెడుతుంది. అయితే ఒకచోట ఆగి రోజంతా గడపడమే విహారమన్న తెలివిడి ఆ ఆచారంలో ఉంది. దాన్ని మనం పోగొట్టుకున్నాం.

దూర ప్రయాణాలకు కూడా మనవాళ్లు మజిలీతోనే లెక్క కట్టేవారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒకరి మాటను ఇంకో భాషలో చెప్పేవాడిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు మీదుగా సాగి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరాడు. ఆయన రాసుకున్న దినచర్యలో క్షేత్రాల వర్ణన ఎంత ఉందో, ఏ మజిలీలో దిగడానికి వసతి ఉంది, నీళ్లు ఎలా ఉన్నాయి, సరుకులు దొరికే అంగళ్లు ఉన్నాయా అన్న సమాచారం కూడా అంత శ్రద్ధగా ఉంది. వెనక వచ్చే యాత్రికుడికి ఏది కావాలో తెలిసిన మనిషి రాత అది. ఇవాళ యాత్రా విశేషాలు రాసేవాళ్లలో, వీడియోలు తీసేవాళ్లలో ఎంతమంది దారిలోని మరుగుదొడ్డి ఎక్కడుందో, అది ఎలా ఉందో చెబుతున్నారు? జలపాతం ముందు నిలబడి తీసిన దృశ్యాలు వందలుగా దొరుకుతాయి. అమ్మను వెంటబెట్టుకుని వెళ్లాలనుకునేవాడికి కావలసిన ఆ ఒక్క వివరం దొరకదు.

ఆ మజిలీలను నిలబెట్టినవి చాలావరకు సత్రాలు, చలివేంద్రాలు, దారిపక్క తోపులు. గోదావరి లంకల్లో రేవు దాటి వచ్చే బాటసారులకు వేళతో పని లేకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరు ఇప్పటికీ నది మీదుగా కాలువను దాటించే గన్నవరం అక్విడక్టుకు ఉంది. ఆమె వంటివారు అరుదు. చాలా సత్రాలు ఒక కులం వారు తమవాళ్ల కోసం కట్టించుకున్నవే. శ్రీశైలంలో నేటికీ కులాల పేర్లతో బోర్డులు కనిపిస్తాయి. పాత మజిలీ అందరికీ తలుపు తెరవలేదన్నది కాదనలేని నిజం. అందుకే ఈ బాధ్యతను మళ్లీ దాతల దయకో, సంఘాల చందాలకో వదిలేయాలని నేను కోరను. రోడ్డు అందరిదైనట్టే ఆగే చోటూ అందరిదీ కావాలి. దానికయ్యే ఖర్చు ప్రయాణికులు ఇప్పటికే కడుతున్న టోలులో నుంచే రావాలి.

ఈ ఖర్చు భరించే స్తోమత వ్యవస్థకు లేదని ఎవరూ అనలేరు. హైదరాబాదు చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డుపై 30 ఏళ్ల పాటు టోలు వసూలు చేసుకునే హక్కును 2023లో 7,380 కోట్ల రూపాయలకు లీజుకిచ్చారు. ఒక రోడ్డు మీద ప్రయాణికులు కట్టబోయే సొమ్ము ఎంత విలువైనదో ఆ అంకె చెబుతుంది. విజయవాడ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు దగ్గర వాహనం ఆగకుండానే ఫాస్టాగ్ నుంచి సొమ్ము వెళ్లిపోతుంది. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు 3,000 రూపాయలతో 200 సార్లు టోలు దాటే వార్షిక పాస్ కూడా వచ్చింది. వసూలు చేసే యంత్రాంగం ఇంత చురుకుగా మెరుగుపడింది, సేవలు అదే వేగంతో కదలలేదు.

కాగితం మీద చూస్తే లోటు లేదు. జాతీయ రహదారుల వెంట 40 నుంచి 60 కిలోమీటర్లకు ఒకటి చొప్పున విశ్రాంతి సదుపాయాలు కట్టాలన్నది కేంద్రం ప్రకటించిన లక్ష్యం. శుభ్రమైన మరుగుదొడ్లు, పసిపిల్లల సంరక్షణ గదులు, చక్రాల కుర్చీలు ఉండాలంటూ 2024 అక్టోబరులో హమ్‌సఫర్ పేరుతో ఒక విధానం కూడా విడుదలైంది. పెట్రోలు బంకుల్లో తాగునీరు, గాలి, మరుగుదొడ్డి ఉచితంగా అందుబాటులో ఉండాలన్నది చమురు సంస్థలు డీలర్లకు విధించిన నియమమే. కానీ దారిలో ఎదురయ్యే వాస్తవం వేరు. బంకులో మరుగుదొడ్డికి తాళం ఉంటుంది, తాళంచెవి ఉన్న మనిషి భోజనానికి వెళ్లి ఉంటాడు. తెరిచి ఉంటే నీళ్లుండవు, నీళ్లుంటే గడియ ఉండదు. దాబాలో అయితే ఏదో ఒకటి ఆర్డరు ఇవ్వాలి, లేదా ఇచ్చినట్టు మొహమాటంగా నిలబడాలి. టోల్ ప్లాజా దగ్గర కట్టిన గదులు ఎన్నోసార్లు డివైడర్‌కు అవతలి వైపు ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న మనిషిని పట్టుకుని, దూసుకొచ్చే లారీల మధ్య రోడ్డు దాటించడం ఎలాగో ఆ నమూనా గీసినవారు ఆలోచించి ఉండరు. అక్కడి గదులు ఎంత పెద్దవని, పలకలు ఎంత ఖరీదైనవని ఎవరూ అడగడం లేదు. గడియ, నీళ్లు, వెలుతురు, చెత్తబుట్ట, రోజుకు నాలుగైదుసార్లు కడిగే మనిషి, ఆ మనిషికి సరైన జీతం ఉంటే చాలు. ఈ చివరి రెండూ కొరవడినందువల్లే కొత్తగా కట్టిన గదులు కూడా ఏడాది తిరగకుండా పాడైపోతున్నాయి.

ఈ విషయంలో సొంత కారు ఉన్నవాళ్ల కంటే బస్సు ప్రయాణికులకు ఒక్క మెరుగుంది: బస్టాండు. శుభ్రత ఊరిని బట్టి మారినా, ఆడవాళ్లకు విడిగా గది ఉంటుందన్న హామీ అయినా ఉంటుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం వచ్చాక వేములవాడకో, యాదగిరిగుట్టకో, అన్నవరానికో నలుగురైదుగురు ఆడవాళ్లు కలిసి పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి రావడం బాగా పెరిగిందని చూసేవాళ్లందరికీ తెలుసు. కొందరు దీన్ని ఎద్దేవా చేయడం విన్నాను, నాకు కోపం వచ్చింది. జీవితమంతా ఎవరో తీసుకువెళితే తప్ప గడప దాటని స్త్రీలు తమ రోజును తామే నిర్ణయించుకుని బయలుదేరుతున్నారు. వాళ్ల కోసమైనా చిన్న ఊళ్ల బస్టాండ్లను బాగుచేయడం అత్యవసరం.

నీడ సంగతి కూడా ఇందులో భాగమే. హైదరాబాదుకు అతి దగ్గరలో, ఒక్కరోజులో హాయిగా వెళ్లిరాగల చోటు వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలు. మూసీ పుట్టిన చోటు, అనంత పద్మనాభస్వామి గుడి, అడవి ఉన్నాయి. చేవెళ్ల మీదుగా సాగే ఆ దారిలో అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా దాదాపు 900 మర్రిచెట్లు ఉన్నందున, వాటిని కొట్టకుండా రోడ్డు వెడల్పు చేయాలంటూ పర్యావరణ కార్యకర్తలు జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లారు. ఇరుకైన ఆ రోడ్డు మీద ఘోరమైన ప్రమాదాలు జరిగినందున వెడల్పు చేయాల్సిందేనన్న స్థానికుల ఆవేదన కూడా న్యాయమైనదే. ప్రాణాలకూ చెట్లకూ మధ్య పోటీ పెట్టడం వల్లే ఈ చర్చ చెడిపోయింది. ఆ మర్రిచెట్లు దారికి అడ్డం వచ్చిన కలప కాదు. ఎండలో ఆగి, క్యారియర్ విప్పి, పులిహోర, దద్దోజనం తినడానికి తరాల నాడే ఎవరో నాటి ఉంచిన మజిలీలు అవి. కొత్త రహదారుల నడుమ నాటే గన్నేరు మొక్కలు ఎదుటి బండ్ల వెలుతురును ఆపగలవు గానీ, వాటి కింద ఎవరూ కూర్చోలేరు.

ఆగకపోవడం వల్ల కలిగే నష్టాల్లో అతి భయంకరమైనది డ్రైవరు నిద్ర. అద్దె బండి తీసుకుంటే తెల్లవారుజామున నాలుగింటికి వచ్చే ఆ అబ్బాయి ముందు రాత్రి ఎన్నింటికి పడుకున్నాడని అడిగేవాళ్లు తక్కువ. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే రోజుకు 8 గంటల పని అని చెప్పింది. కానీ 2025 నవంబరులో కొత్త కార్మిక స్మృతి దాని స్థానంలోకి వచ్చేదాకా అది ఐదుగురు లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించేది కాబట్టి ఒక్క కారుతో బతుకు ఈడ్చే యువకుడికి దాని రక్షణ దక్కలేదు. సొంత కారు నడిపే తండ్రికో, అన్నయ్యకో ఏ చట్టమూ లేదు. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వెనక సీట్లో కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోకపోవడం, పసిపిల్లను ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోవడం వంటి అలవాట్లు కుటుంబ ప్రయాణాల్లోనే ఎక్కువగా కనిపిస్తాయి. మనవాళ్ల మధ్య ఉన్నామన్న భరోసా జాగ్రత్తను సడలిస్తుంది. పిల్లలకు బెల్టు గానీ, తగిన సీటు గానీ తప్పనిసరి అని 2019 నాటి చట్ట సవరణ చెప్పినా, మన ఇళ్లలో పిల్లల సీటు కొన్నవాళ్లు ఎంతమంది?

శ్రీశైలం దారిలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను అనుమతించరు. అడవి గేట్లు మూసేలోగా దాటాలని సాయంత్రం దర్శనం కాగానే ఘాట్ మలుపుల్లో పరుగులు పెట్టే కార్లను చూస్తే గుండె దడదడలాడుతుంది. వన్యప్రాణుల కోసం పెట్టిన ఆ నియమాన్ని నేను మనుషుల కోసం కూడా గౌరవిస్తాను. అది మనకు చెప్పేది పరుగెత్తమని కాదు, రాత్రికి అక్కడే ఉండిపొమ్మని. ఒక రాత్రి గది తీసుకునే వీలు లేనప్పుడు శ్రీశైలాన్ని ఒక్కరోజు జాబితా నుంచి తీసేయడమే మేలు.

సాగర్ నుంచి వచ్చిన ఆ ఆదివారం తర్వాత మా ఇంట్లో కొన్ని పద్ధతులు మారాయి. ఒక్కరోజు విహారమైతే వెళ్లే దూరం వంద కిలోమీటర్లు దాటదు. రెండు గంటలకోసారి ఆగుతాం, ఎక్కడ ఆగాలో ముందు రోజే ఫోన్లు చేసి తెలుసుకుంటాం, చూడాల్సినవి ఒకటికి మించి పెట్టుకోం, చీకటి పడేలోగా ఇల్లు చేరతాం. అమ్మ మాత్రలు మానడం లేదు. కానీ ఇది మా ఇంటివరకే. ఫోను చేసి కనుక్కునే తీరిక గానీ, బంకు యజమానిని నిలదీసే ధైర్యం గానీ అందరికీ ఉండవు.

టోల్ ప్లాజాకు ముందు ఏ వాహనానికి ఎంత రుసుమో చెప్పే పెద్ద బోర్డు తప్పకుండా ఉంటుంది. రాత్రిపూట కూడా చదవగలిగేలా, స్పష్టమైన తెలుగులో. దాని పక్కనే అంతే పెద్ద బోర్డు ఇంకొకటి పెట్టమని అడగాలి. ముందున్న మరుగుదొడ్డి ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది, రోడ్డుకు ఏ వైపు ఉంది, రాత్రి తెరిచి ఉంటుందా, చక్రాల కుర్చీ లోపలికి వెళుతుందా, తాళం వేసి ఉంటే జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కు ఫోను చేసిన ఎన్ని నిమిషాల్లో తెరుస్తారు అన్న ఐదు వివరాలు అందులో ఉండాలి. ఆ బోర్డు పెట్టిన రోజు నుంచి అక్కడ రాసింది నిజం కాకపోతే ఆ రోజు టోలు వసూలు చేయకూడదన్న షరతు ఒప్పందంలో చేర్చాలి.