గల్లా పెట్టెనా, ఫోనా? బావా బామ్మర్దుల పంచాయితీ

బావది దేవరకొండలో కిరాణం దుకాణం, బామ్మర్దిది పాలమూరులో మొబైల్ రిపేరు షాపు. ఇద్దరూ కలిస్తే మాట తిరిగి తిరిగి పైసల మీదికే వస్తుంది. ఈసారి తగువు ఏంటంటే, దుకాణంలో మిగిలిన నాలుగు రూపాయలు ఎక్కడ దాచాలని. బావ రెండు చిట్టీలు వేస్తున్నాడు, ఇంకా మిగిలితే బంగారం. ఆ చిట్టీలు మానేసి బ్యాంకులోనో పోస్టాఫీసులోనో వేయమని, పైసల లెక్క ఫోనులోనే నడపమని బామ్మర్ది పోరు. మధ్యలో ఆగలేక బ్రాకెట్లలో నేనూ కొంచెం నోరు పెట్టాను.

బామ్మర్ది: నెలకు పది వేలు చిట్టీలకే పోస్తున్నావు బావా. రిజిస్టర్ చేసిన చిట్టీయేనా అని అడిగితే 'మనోడే' అంటావు. చిట్ ఫండ్స్ చట్టం 1982లోనే వచ్చింది, చిట్టీ నడపాలంటే ముందు రిజిస్ట్రార్ దగ్గర అనుమతి తీసుకోవాలి. మీ మనోడి దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ తప్ప ఏముంది?

బావ: ఆ నోట్‌బుక్కులో అందరి సంతకాలూ ఉన్నాయి, నీకెందుకు? దసరా ముందర సరుకు దింపాలంటే లక్ష దాకా కావాల్సి వచ్చింది. వానాకాలమంతా ఊళ్ళోవాళ్ళకు ఉద్దెర ఇస్తాను, వాళ్ళు పత్తి ఏరి, అమ్మి, పైసలు చేతికొస్తే గానీ నా ఖాతా పుస్తకంలో ఒక్క పేరు కూడా కొట్టేయలేను. అప్పుడు నీ బ్యాంకుకు పోతే మూడేళ్ళ ఐటీ కాగితాలు తెమ్మంటారు. చిట్టీ పాట పాడాను, పక్క దుకాణం అన్న జామీను సంతకం పెట్టాడు, మూడో రోజుకు పైసలు గల్లాలో ఉన్నాయి.

(ఈ మాటకు బామ్మర్ది దగ్గరే కాదు, నా దగ్గరా జవాబు లేదు. బంగారం కుదువ పెడితే తప్ప అంత తొందరగా అప్పు పుట్టదు.)

బామ్మర్ది: అవసరానికి ఎత్తుకునే చిట్టీ అంటే సరే, ఒప్పుకుంటా. మరి రెండోది ఎందుకు? దాన్ని చివరిదాకా పాడకుండా ఉంచుతావు, అంటే దాచుకోవడానికే కదా. పెన్ను ఇటివ్వు, లెక్క వేద్దాం. ఇరవై మంది, నెలకు 5,000, లక్ష చిట్టీ. పాట సగటున 15 వేలకు పోతుందనుకో, అంటే ఎత్తుకునేవాడు అంత వదులుకుంటాడు. అందులో నడిపేవాడి కమీషన్ 5 వేలు, మిగతా 10 వేలు ఇరవై మందికి పంచితే తలా 500. అంటే నెలకు 4,500 చొప్పున మొత్తం 90 వేల దాకా కడతావు, ఆఖర్న కమీషన్ పోను 95 వేలు వస్తాయి. మిగిలింది ఐదు వేలు. మొదటి నెల కట్టింది పందొమ్మిది నెలలు ఉంటుంది, చివరిది ఉండనే ఉండదు, సగటున నీ పైసలు తొమ్మిదిన్నర నెలలు వాడి దగ్గర ఉన్నట్టు. ఏడాదికి ఏడు శాతం దాకా పడుతుంది. పోస్టాఫీసులో నెల నెలా కట్టే ఐదేళ్ళ ఆర్డీకి 2023 అక్టోబర్‌లో 6.7 శాతం చేశారు.

బావ: అయితే రెండూ ఇంచుమించు ఒకటే అయ్యాయి కదా! మరి నా మీద ఎందుకీ లొల్లి?

బామ్మర్ది: మిత్తి ఒకటే బావా, మునిగినప్పుడు ఒకటి కాదు. బ్యాంకు మునిగితే 5 లక్షల దాకా బీమా ఉంది, 2020 ఫిబ్రవరి నుంచి. అంతకుముందు లక్షే ఉండేది. పోస్టాఫీసు వెనక కేంద్ర ప్రభుత్వమే ఉంది. నీ నోట్‌బుక్కు వెనక ఎవరున్నారు?

బావ: వాడి ఇల్లుంది, రెండెకరాల చెలక ఉంది, పెళ్ళాంపిల్లలు ఉన్నారు. ఎక్కడికి పోతాడు?

(దివాలా తీసి ఐపీ పెట్టినవాళ్ళందరి గురించీ ఒకప్పుడు ఎవరో ఒకరు ఇదే మాట అని ఉంటారు.)

బామ్మర్ది: సరే, నమ్మకం సంగతే మాట్లాడదాం. ఇందాక ఆ పిల్లాడు చాక్లెట్లకు పది రూపాయల బిళ్ళ ఇస్తే 'చెల్లదు పో' అన్నావు. పది రూపాయల బిళ్ళలు అప్పటికే 14 రకాలు వచ్చాయని, అన్నీ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పింది. సంవత్సరం కింద చిన్న నక్షత్రం గుర్తుంటే అది మన హైదరాబాద్ టంకశాలలో కొట్టిందే. సర్కారు కొట్టిన బిళ్ళను నమ్మవు, లాంగ్ నోట్‌బుక్కును నమ్ముతావు!

బావ: నేను నమ్మితే సరిపోతుందా? పాల ప్యాకెట్లవాడు తీసుకోడు, ఆటోవాడు తీసుకోడు, చిల్లర కింద ఇస్తే గిరాకీవాళ్ళు ముఖాన కొడతారు. హార్లిక్స్ సీసా నిండా పడి ఉన్నాయి, కావాలంటే చూసుకో. రిజర్వ్ బ్యాంకు వచ్చి నా దగ్గర కందిపప్పు కొంటుందా? నా తర్వాతివాడు తీసుకుంటాడంటేనే అది పైసా, లేకుంటే రేకు ముక్క.

బామ్మర్ది: తీసుకెళ్ళి బ్యాంకులో వేయి, వాళ్ళు కాదనకూడదు.

బావ: లైన్లో నిలబడి, అవన్నీ లెక్కపెట్టించేసరికి పొద్దుటి గిరాకీ అంతా పోతుంది. ఆ నష్టం నువ్విస్తావా?

(పట్టుకున్నాడు. బిళ్ళ విషయంలో తప్పు బావదే, కానీ ఆయన ఒక్కడు మారితే తీరే తప్పు కాదది. పాల ప్యాకెట్లవాడితో మొదలుపెట్టాలి.)

బావ: ఇక నీ ఫోను సంగతికి రా. గల్లాలో దొంగ పడితే గల్లాలో ఉన్నదే పోతుంది. ఫోనులో దొంగ పడితే? వార్తల్లో రోజూ చూస్తున్నా, డిజిటల్ అరెస్టు అంట, పోలీసు బట్టలేసుకుని వీడియో కాల్ చేస్తారంట, రిటైరైన పెద్ద పెద్ద ఆఫీసర్లే లక్షలకు లక్షలు పంపేశారు. చదువుకున్నవాళ్ళ గతే అట్లుంటే నాకెందుకు ఆ టెన్షన్?

బామ్మర్ది: వీడియో కాల్‌లో అరెస్టు చేయడమనేది చట్టంలోనే లేదు బావా. రెండో మాట, నీకు పైసలు రావాలంటే పిన్ను కొట్టే పని లేదు, పోవాలంటేనే పిన్ను. ఇంత గుర్తుపెట్టుకుంటే సగం మోసాలు నీ దగ్గరికి రావు. ఒకవేళ పోతే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమైతే ఆ పైసలు ఖాతాలు మారిపోతాయి. అసలు నిన్ను ఒక్క ఖాతాతో ఎవరు ఉండమన్నారు? ఫోనుకు కలిపిన ఖాతాలో ఆ వారం సరుకుకు సరిపోయేంత ఉంచు, దాచేది ఫోనుకు కలపని ఖాతాలో వేయి. అప్పుడు అదీ నీ గల్లా లాంటిదే.

బావ: మరి పైసలు పడ్డాయని చెప్పే ఆ మాట్లాడే డబ్బా? వాన పడితే మూగబోతుంది. గిరాకీ మనిషి 'పోయినయి అన్నా' అని ఫోనులో పచ్చ టిక్కు చూపించి వెళ్ళిపోతాడు.

బామ్మర్ది: ఆ డబ్బాలో ఫోనులో ఉన్నట్టే సిమ్ కార్డు ఉంటుంది. పైసలు పడ్డాయని కంపెనీ సర్వర్‌కు తెలిశాక, అది ఆ సిమ్ ద్వారా డబ్బాకు చెబితే అప్పుడు మాట్లాడుతుంది. సిగ్నల్ లేకపోతే నోరు మూస్తుంది. డబ్బా చెప్పకపోతే నీ ఫోనులో నువ్వు చూసుకో, ఎదుటివాడి టిక్కు చూడకు. అచ్చం అట్లాంటి టిక్కే చూపించే దొంగ యాప్‌లు ఉన్నాయి.

బావ: ఇన్ని జాగ్రత్తలు చెప్పేకంటే బంగారం కొనుక్కుంటే పోలా? 2025 ఏప్రిల్‌లో తులం లక్ష దాటింది. మీ అక్కకు చేయించింది అంతకు చాలా ముందు.

బామ్మర్ది: నగ కొన్నప్పుడు తరుగు, మజూరి, పైన జీఎస్టీ. అమ్మేటప్పుడు అవేవీ తిరిగి రావు. అయినా అక్క మెడలోది నువ్వు అమ్మగలవా?

(అక్క లోపలి నుంచి: 'అడిగి చూడమను.')

బావ: మరి నీ ఫోనులో పది రూపాయలకు కూడా బంగారం అమ్ముతున్నారు కదా, అదేమైనా తక్కువా?

బామ్మర్ది: అది మాత్రం నేనూ వద్దంటా. డిజిటల్ గోల్డ్ తన అజమాయిషీలో లేదని, ఏదైనా జరిగితే తన తరఫు నుంచి రక్షణ ఉండదని షేర్ మార్కెట్లను చూసే సెబీయే 2025 నవంబర్‌లో చెప్పింది.

బావ: చూశావా! ఫోనులో ఉన్నదంతా మంచిది కాదని నీ నోటనే వచ్చింది.

బామ్మర్ది: ఫోనులో ఉన్నదంతా మంచిదని నేను ఎప్పుడన్నాను? కాగితం ఉన్నదాంట్లో వేయమన్నా. ఇప్పుడు ఒక్కటి చేయి బావా, ఈ చిట్టీ నడవనీ, అయిపోయాక రెండోది మళ్ళీ వేయకు. ఆ ఐదు వేలు అక్క పేరు మీద పోస్టాఫీసు ఆర్డీ కట్టు.

బావ: దుకాణం వదిలి ప్రతి నెలా పోస్టాఫీసు చుట్టూ ఎవరు తిరుగుతారు?

బామ్మర్ది: తిరగక్కర్లేదు. లైసెన్సు ఉన్న మహిళా ఏజెంట్లు ఉంటారు, ఇంటికే వచ్చి తీసుకుంటారు, కార్డు మీద సంతకం పెట్టి ఇస్తారు.

బావ: అంటే, నెల నెలా ఐదు వేలు తీసుకెళ్ళి మళ్ళీ ఒక మనిషి చేతిలోనే పెట్టాలన్నమాట.

బామ్మర్ది: అట్లా కాదు బావా, ఆమె కట్టిందో లేదో నెల నెలా పాస్‌బుక్కు తెప్పించి చూసుకోవచ్చు...

బావ: ఆమెది ఏ ఊరు? ఎవరి కోడలు?