రంగు అంటుతుందట!

మొన్న డాక్టరు రాసిన చీటీ పట్టుకెళ్ళి మందుల షాపులో కాస్టెల్లానీ పెయింట్ ఉందా అని అడిగా. కౌంటర్లో కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి "పెయింటా? హార్డ్‌వేర్ షాపులో అడగండి సార్" అన్నాడు. బాబూ, గోడకి కాదు, కాలివేళ్ళ సందుల్లో ఫంగస్సు అంటే లోపల్నుంచి ఓనర్ గారు వచ్చి తీర్పు చెప్పేశారు: "అవన్నీ ఇప్పుడెవరు వాడతారండీ, రంగు అంటుతుంది."

రంగు అంటుతుంది! ఇంకేముంది, అంతకంటే ఘోరం భూమ్మీద ఉంటుందా?

ఆ విచారణ ఎలా జరిగుంటుందో నాకు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది. బోనులో గోధుమరంగు సీసా. తండ్రి పేరు? ఆల్డో కాస్టెల్లానీ, ఇటలీ డాక్టరు, 1905లో సిలోన్‌లో యాస్ అనే అంటు చర్మరోగం క్రిమిని పట్టుకున్న మనిషి. కడుపులో ఏముంది? ఫుక్సిన్ అనే మెజెంటా రంగు, ఫినాల్, రిసార్సినాల్, బోరిక్ యాసిడ్, ఎసిటోన్, స్పిరిట్ యువరానర్. ఫంగస్సుని చంపావా? చంపాను. నాని తెల్లబడ్డ చర్మాన్ని ఆరబెట్టావా? ఆరబెట్టాను. తప్పులేమైనా ఒప్పుకుంటావా? ఒప్పుకుంటాను, ఫినాల్ ఉంది కాబట్టి చంటిపిల్లలకీ పెద్ద పుండ్ల మీదా నన్ను రాయొద్దు. అంతలో తెల్ల దుప్పటి బోరుమంటూ సాక్ష్యానికొచ్చింది, దాని వెనకాల తలగడ గలీబు, దాని వెనకాల బాత్రూం టైల్సు, సాక్సుల జతలో ఒకటే వచ్చింది, రెండోది ఎక్కడుందో ఎప్పట్లాగే ఎవరికీ తెలీదు. లాయరు లేచి "అయ్యా, ఫుక్సిన్ లేకుండా రంగులేని రకం కూడా ఉంది" అన్నాడు. ఎవరు వింటారు? యావజ్జీవ నో స్టాక్.

షాపోళ్ళ అసలు బాధ రంగు కాదులెండి, అది కలిపే పని. పొడులు తూచాలి, కరిగించాలి, వడకట్టాలి, గట్టి మూతున్న సీసాలో పోయాలి. ట్యూబైతే అరలోంచి తీసి ఇచ్చేయడమే.

ఇచ్చారు కూడా. ఆ ట్యూబు మీద చీమ తలకాయంత అక్షరాలు చదివా: ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్, క్లోబెటసాల్. క్లోబెటసాలంటే చర్మానికి రాసే స్టెరాయిడ్లలోకెల్లా ఘాటైన రకం! రాస్తే రెండ్రోజుల్లో దురద మాయం, ఎరుపు మాయం, అడ్డుకునే చర్మాన్ని నిద్రపుచ్చేశాం కదా, ఫంగస్సు మాత్రం కింద నిక్షేపంగా పాకుతుంది. పైగా తామర రూపమే మారిపోయి చూసిన డాక్టరుకి కూడా ఒక పట్టాన అంతుబట్టదు. గజ్జల్లో నెలల తరబడి రాసుకున్నోళ్ళకి చర్మం పల్చబడి చారలు పడతాయి, అవి చచ్చేదాకా పోవు. మెజెంటా మరక కొన్నాళ్ళకి ఒంటిమీంచి పోతుందయ్యా, ఈ మరక పోదు! దుప్పటి పాడవుతుందని ఏడ్చినోళ్ళు మనిషి తోలు పాడవుతుంటే చీటీ కూడా అడక్కుండా ఎలా అమ్ముతార్రా, సిగ్గనిపించదా?

ట్యూబు అక్కడే పెట్టేసి బయటికొచ్చేశా. వెనక నుంచి కుర్రాడి గొంతు, "పోనీ చిన్న ట్యూబు ఇమ్మంటారా సార్?"