బానెట్ స్కూపు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బానెట్ స్కూపు గారి దివ్య సముఖానికి,

ఇంజిన్‌కి గాలి పట్టే డొప్పనంటూ బానెట్ మీద కూర్చున్న తమరిని ఏడాదిన్నరగా నెత్తిన పెట్టుకుని జయపురం చుట్టుపక్కల తిరుగుతున్న పాత మహీంద్రా జీపు ఓనరు నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ మొన్న మే నెలలో సుంకి ఘాట్‌లో మనిద్దరిలో కుశలంగా ఉన్నది తమరొక్కరే.

తమరు వచ్చిన రోజు ఇంకా గుర్తుంది. విశాఖలో షాపు కుర్రాడు డబుల్ టేపు అంటించి, అరచేత్తో నాలుగు దెబ్బలు చరిచి, ‘ఇంక గాలి రయ్యిమని లోపలికే సార్’ అన్నాడు. 1,800 ఇచ్చాను. ఏ లోపలికి అని అడగలేదు. అక్కడ దెబ్బ తిన్నాను.

సాలూరు దాటి ఘాట్ ఎక్కుతున్నాం. సెకండ్ గేరు, గంటకి ఇరవై కూడా లేదు, వెనకసీట్లో అమ్మ, రెండు బస్తాల బియ్యం. ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత తాకింది. పక్కకి ఆపి బానెట్ ఎత్తి చూస్తే, తమరి కింద కన్నం లేదు. చిన్న బెజ్జం కూడా లేదు. రంగు చెక్కుచెదరని నున్నటి రేకు! తమరి నోట్లో వేలు పెడితే ఏదో గరుకుగా తగిలింది. కందిరీగ మట్టిగూడు. ఏడాదిన్నరలో లోపలికి పోయిన గాలి ఎంతో దాన్నడిగితే తెలుస్తుంది.

ఇంతలో సాలూరు లారీ డ్రైవరొకాయన ఆగాడు. ‘ఏటి బాబూ, బానెట్ మీద చేట బోర్లించారేటి?’ అన్నాడు. నేను రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యబోతే లటుక్కున పట్టుకున్నాడు. లోపల నీళ్ళు ఒత్తిడి మీద ఉంటాయి కాబట్టి నూరు డిగ్రీలు దాటినా మరగవు. మూత తీశామా, ఒత్తిడి పోయి ఒక్కసారిగా మరిగి మొహం మీదకే వస్తాయి. అది చెప్పి, జీపు ముందు గొంతుక్కూర్చుని గ్రిల్ వంక చూసి నవ్వాడు. లైట్ బారు, జంట హారన్లు, నంబరు ప్లేటు, అన్నీ వరసగా రేడియేటర్‌కి అడ్డం. వెనక రేడియేటర్ రెక్కల సందుల్లో మిడతలు, ఎండుగడ్డి, పోయిన వానాకాలం బురద.

అంటే ఏమిటంటారా? ఏడు సందుల గ్రిల్ గాలి కోసం నోరు తెరుచుకుంటే నేను దాని నోట్లో గుడ్డలు కుక్కి, నడినెత్తిన తమరిని ముక్కులా అంటించాను.

అసలు దొంగ ఇంకొకటి. ఫ్యాన్ చుట్టూ ఉండాల్సిన ప్లాస్టిక్ ష్రౌడ్ లేదు. గడగడలాడుతోందని పోయినేడు మెకానిక్కు పీకేశాడు (వేడిని బట్టి రేడియేటర్‌కి నీళ్ళు వదిలే థర్మోస్టాట్ కూడా పీకేద్దామన్నాడు, నా అదృష్టం బాగుంది). ఘాట్‌లో బండి వేగంతో వచ్చే గాలి ఉండదు, భారమంతా ఫ్యాన్‌దే. ష్రౌడ్ లేకపోతే ఫ్యాన్ రేడియేటర్ మొత్తంలోంచి గాలి లాగదు. ఇంజిన్ దగ్గరి వేడిగాలినే అంచుల వెంట మళ్ళీ మళ్ళీ తిప్పుకుంటుంది. ఆ ష్రౌడ్ ఎక్కడుందో కూడా చెప్తాను. మా పెరట్లో బీరపాదు చుట్టూ, మేక తినకుండా అమ్మ పెట్టింది.

తమరి పరువు నిలబెడదామని మా బావమరిది ఒక ఉపాయం చెప్పాడు. బానెట్ వెనక అంచు కింద వాషర్లు పెట్టి అంగుళం లేపితే వేడి బయటికి పోతుందట. లేపాం. గాలి ఎటు పోతోందో చూద్దామని అమ్మ ఊలు దారాలు వేలెడేసి కోసి, బానెట్ నిండా టేపుతో అంటించి, కోరాపుట్ రోడ్డులో అరవై మీద పోనిచ్చాను. ముందు సగంలో దారాలు బుద్ధిగా వెనక్కి పడుకున్నాయి. అద్దం దగ్గరివి మాత్రం తల తిప్పి ఆ సందులోకే దూరాయి! నిటారు అద్దానికి గుద్దుకున్న గాలి దాని మొదట్లో ఒత్తిడి పెంచుతుంది, అక్కడ సందిస్తే వేడి బయటికి పోవడం మాట అటుంచి బయటి గాలే లోపలికి తోసుకొస్తుంది. ఆగిన బండిలో అయితే వేడి పైకి పోతుంది, నిజమే. వాషర్లు తీసేశాం.

తమరి వంశంలో పనిమంతులు లేరనను. ఇంజిన్ నెత్తిన ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి ఇంజిన్‌లోకి పోయే వేడిగాలిని చల్లార్చేది) ఉన్న బండ్లలో స్కూపుకి కింద కన్నం ఉంటుంది, దానికో పని ఉంటుంది. తమరిది ఆ ఇంటిపేరు మాత్రమే.

ఇప్పుడు బీరపాదుకి కర్రలు పాతి ష్రౌడ్ తెచ్చి బిగించాం. లైట్ బారు కిందికి దించాం. రేడియేటర్‌ని ఇంజిన్ వైపు నుంచి ముందుకి నీళ్ళు కొట్టి కడిగితే బక్కెట్ బురద వచ్చింది. గాలి పక్కదారి పట్టకుండా రేడియేటర్ అంచుల్లో స్పాంజి కుక్కడానికి 60 రూపాయలైంది. పోయిన ఆదివారం 1,672 మీటర్ల దేవమాలి కొండ ఎక్కాం. ముల్లు సగం దగ్గరే కూర్చుంది. పైన ఫొటో దిగుదామని వచ్చిన కుర్రాళ్ళు తమరిని నిమిరి, ‘స్కూపు వల్లేనా అన్నా, కూల్‌గా ఎక్కింది?’ అని అడిగారు.

తమరిని పీకితే టేపుతో పాటు రంగు ఊడుతుందని పెయింటరు అంటున్నాడు. పైగా కందిరీగ రెండో గది మొదలుపెట్టింది. దాని పిల్లలు ఎగిరిపోయాక మాట్లాడుకుందాం.

ఇట్లు,
తమరి మోతగాడు