ట్రాక్టరైతే ఇచ్చారు, డీజిల్ ఎవరు పోస్తారు?

పంచాయతీ ఆఫీసు పక్కన రేకుల షెడ్డులో ట్రాక్టర్ కదలకుండా ఉందంటే బండి ఖరాబైందనుకోకండి, చాలాసార్లు డీజిల్‌కి పైసల్లేకే. 2019లో పల్లె ప్రగతి అని తెలంగాణలో ఊరూరికీ ట్రాక్టర్, ట్రాలీ, ట్యాంకర్ వచ్చాయి, మంచి పనే, కాదనం. కానీ ట్రాక్టర్ కిస్తీ, డీజిల్, వీధి లైట్ల కరెంటు బిల్లు, సఫాయి వాళ్ళ 9,500 జీతం అన్నీ పంచాయతీయే చూసుకోవాలి.

హైదరాబాద్ చుట్టుపక్కల ఊరికైతే ఇదో లెక్కే కాదు. లేఅవుట్ ఫీజు, ఇంటి పర్మిషన్లు, పైగా ప్లాటు చేతులు మారినప్పుడల్లా కట్టే 1.5 శాతం ట్రాన్స్‌ఫర్ డ్యూటీలో వాటా. అదే ఆసిఫాబాద్ ఏజెన్సీలో గూడేన్ని చూడండి, అక్కడ 1/70 చట్టం ఉంది, గిరిజనేతరులకి భూమి అమ్మడానికే లేదు. ఆ చట్టం ఉండాల్సిందే, అందులో రెండో మాట లేదు, కానీ రిజిస్ట్రేషన్లే లేని చోట డ్యూటీ ఎక్కడ్నుంచి వస్తుంది? 2018 చట్టంతో తండాలు, గూడేలు పంచాయతీలైతే అయ్యాయి, బోర్డు మారింది, రాబడి మారలేదు.

సెంట్రల్ డబ్బులున్నాయిగా అంటారు. 2021-26 కాలానికి ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీళ్ళు, పారిశుధ్యానికే ఖర్చుపెట్టాలన్నారు, మిగతా 40 శాతం జీతాలకి ముట్టుకోవద్దన్నారు. అంటే జీతం ఇంటి పన్ను లోంచి ఇవ్వాలి, లేదంటే రాష్ట్రం దయతలిస్తే ఇవ్వాలి, గూడెంలో ఇంటి పన్ను ఎంతొస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇది చాలదన్నట్టు 2024 ఫిబ్రవరి మొదలు సర్పంచులే లేరు, ఎన్నికలు 2025 డిసెంబర్‌లో గానీ జరగలేదు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్రం గ్రాంటు ఆగుతుందని సర్కారుకి తెలీదా? సిటీ పక్కనున్న ఊరు సొంత రాబడితో నెట్టుకొచ్చింది, దూరపు ఊళ్ళలో సెక్రటరీలు జేబులోంచి పెట్టుకుని చెత్త ఎత్తించారు. ఆంధ్రాలో సంగతీ గొప్పగా ఏం లేదు, పంచాయతీ ఖాతాలో పడ్డ ఆర్థిక సంఘం డబ్బుల్ని కరెంటు బకాయిల కింద లాగేసుకున్నారని సర్పంచులు రోడ్డెక్కిన రోజులు అందరికీ గుర్తే.

మేం అడిగేది పెద్ద కోరికేం కాదు. రాష్ట్రం తన వాటా పంచేటప్పుడు తలల లెక్క ఒక్కటే చూడకుండా ఆ ఊరికి సొంతంగా ఎంతొస్తుందో కూడా చూడాలి, రాబడి లేని ఊరి సఫాయి జీతం నేరుగా ఖజానా నుంచే ఇవ్వాలి, అది కూడా ఒకటో తారీఖుకి.