బైక్ ర్యాలీకి మేం పలికిన ఘనస్వాగతం

జిల్లా పేజీలో ఫొటో చూసే ఉంటారు. 'భారీ బైక్ ర్యాలీ. దారి పొడవునా బారులు తీరి ఘనస్వాగతం పలికిన పట్టణ ప్రజలు' అని కింద రాశారు. అందులో ఎడమ పక్కన కూరగాయల సంచితో, ఎండకి కళ్లు చికిలించుకుని నిలబడ్డ ఘనస్వాగతాన్ని నేనే. నా వెనకాల స్కూటీ మీదున్న ఘనస్వాగతం మా వీధి టీచరమ్మ. అటెండెన్స్ యాప్ టైము దాటిపోతోందని ఆవిడ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంటే విలేకరికి అది నమస్కారంలా కనిపించింది. ఆ పక్కన షేర్ ఆటోలో ఇరుక్కుపోయి తిట్టుకుంటున్న ఆడవాళ్లకి 'మహిళల నీరాజనం' అని విడిగా బాక్సు కట్టారు.

బారులు తీరామన్నది అబద్ధం కాదు లెండి. రోడ్డుకి అడ్డంగా తాడు కట్టి ఆపితే ఎవరైనా బారులే తీరుతారు.

సందర్భం కూడా చిన్నదేమీ కాదు. మా ప్రాంత నాయకుడొకరికి ఏదో కార్పొరేషన్‌లో పదవి వచ్చింది. ఆ కార్పొరేషన్ ఏం చేస్తుందో ఊళ్లో ఎవరికీ తెలీదు. ఆయనకి కూడా ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. పదవి వచ్చాక మొదటిసారి ఊళ్లో అడుగు పెడుతున్నారు కాబట్టి బైపాస్ నుంచి గడియారస్తంభం దాకా బైకులు. ఏ పార్టీ అని మాత్రం అడక్కండి. సైలెన్సర్ పీకేశాక అందరి గొంతూ ఒకటే.

అసలు కథంతా గడియారస్తంభం దగ్గర. అక్కడ యాపిల్ పళ్లతో గుచ్చిన గజమాల, దాన్ని ఎత్తడానికి క్రేన్ సిద్ధంగా ఉన్నాయి. ఆ మాల బరువు చూస్తే ఏనుగైనా రెండడుగులు వెనక్కి వేస్తుంది. నాయకుడు కారు టాప్ తెరిపించి నిలబడ్డారు. క్రేన్ మాలని పైకి లేపింది. లేపాక తెలిసింది, పైన కరెంటు తీగలు, వాటి కింద కేబుల్ టీవీ వైర్లు. 'కరెంటు తీయించండ్రా' అని ఎవరో అరిచారు. ఎక్కడికో ఫోను వెళ్లింది. ఊరు మొత్తానికి కరెంటు పోయింది. వైర్లని పక్కకి నెట్టడానికి ఒకడు వెదురు గడ తెచ్చాడు. గడ పొట్టిదైంది. ఇంకొకడు బైకు సీటు మీదెక్కాడు. ఈలోగా కుర్రాళ్లు ఖాళీగా ఉండలేక ఉన్నచోటే బళ్లు రైజ్ చేయడం మొదలెట్టారు. బండి న్యూట్రల్లో, ఎక్సిలేటర్ ఫుల్లుగా, వెనక నుంచి టపాకాయల మోత. పెట్రోలు కూపన్లు ఇచ్చింది ఎక్కడికీ కదలకుండా ఉండటానికే అని అప్పుడర్థమైంది.

చివరికి మాల దిగింది. దిగి, నాయకుడి మెడకి బదులు ఆయన పక్కనున్న మండల నాయకుడి భుజానికి తగులుకుంది. మండలం గారు దాన్ని దైవనిర్ణయంగా భావించి కళ్లు మూసుకున్నారు. నాయకుడి మొహం మాడిపోయింది. సరిచేద్దామని క్రేన్ డ్రైవర్ కొంచెం పైకి లాగాడు. తాడు తెగింది. యాపిళ్లు కారు మీద, మండలం గారి నెత్తి మీద, రోడ్డు మీద. పొద్దుట్నుంచీ కొయ్యబారి నిలబడ్డ జనం అప్పుడు కదిలారు. ఆ ఫొటో కూడా వేశారు, 'అభిమాన నేతను చూసేందుకు ఎగబడ్డ జనం' అని.

ఆ సెంటర్‌ని ఆనుకునే ప్రభుత్వాసుపత్రి. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం ఆసుపత్రి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. పగలైనా 50 డెసిబెల్స్ దాటకూడదు. గేటు పక్కన 'హారన్ కొట్టరాదు' అని బోర్డు ఉంది. దాని మీద సగానికి ఆయన ఫ్లెక్సీ కట్టారు గానీ, కుర్రాళ్లు బోర్డుని గౌరవించారనే చెప్పాలి. ఒక్కరి హారనూ వినపడలేదు. ఆ పూట ప్రసూతి వార్డులో పుట్టిన పిల్లలు ఏడ్చారో లేదో నర్సులు నోరు చూసి తెలుసుకోవాల్సిందే.

మామూలు రోజుల్లో పోలీసులు సైలెన్సర్లంటే ఊరుకోరు. హైదరాబాద్‌లో, విశాఖలో మార్పించిన సైలెన్సర్లని రోడ్డు మీద వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించడం వీడియోల్లో చూశాం. ర్యాలీ రోజున రోలర్ సెలవు పెట్టింది. రోజూ చెట్టు చాటున నిలబడి ఫోన్‌తో మన నంబర్ ప్లేట్లు ఫొటో తీసే కానిస్టేబుల్ గారు, ఆ రోజు చెట్టు ముందుకొచ్చి ఈల వేసి మరీ దారి ఇప్పించారు.

మాకు లెక్కలంటే కొంచెం పిచ్చి. రెండు వేల బైకులని నిర్వాహకులే మైకులో చెప్పారు, వాళ్ల మాటే తీసుకుందాం. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయలు. బండి నడిపే తలకాయలు మాత్రమే లెక్కేసినా 20 లక్షలు. బండికి ముగ్గురెక్కితే ఇంకో వెయ్యి. సగం బళ్లే అనుకున్నా 10 లక్షలు. మైనర్ నడిపితే కన్నవాళ్లకో బండి ఓనరుకో 25 వేలు జరిమానా, మూడేళ్ల దాకా జైలు. మీసం రాని వాళ్లు పది మందే దొరికారనుకున్నా రెండున్నర లక్షలు. మొత్తం ముప్పై రెండున్నర లక్షలు. మెయిన్ రోడ్డు గుంతలు పూడ్చేస్తే వచ్చే ర్యాలీ ఇంకా సాఫీగా సాగేది. సాక్ష్యం కావాలంటే జిల్లా పేజీ ఉండనే ఉంది. ఇంతకీ ఆ రోజు చలానా ఒక్కరికి వచ్చిందని తెలిసింది. మా టీచరమ్మకి. ఘనస్వాగతం పలుకుతూ స్టాప్ లైను దాటారట.

ఊరి మీదకి బైకులు రావడం మనకొక్కళ్లకే పట్టిన పీడ కాదు. అమెరికాలో సౌత్ డకోటా రాష్ట్రంలో స్టర్జిస్ అని ఏడు వేల చిల్లర జనాభా ఉన్న ఊరుంది. 1938లో చిన్న రేసుతో మొదలై, ఇప్పుడు ఏటా ఆగస్టులో అక్కడ బైకుల జాతర. 2015లో 75వ ర్యాలీకి ఏడు లక్షల పైచిలుకు వచ్చారు. అక్కడా మోతే, అక్కడా నిద్రుండదు. కానీ ఆ ఊరివాళ్లు ఇళ్లు అద్దెకిచ్చుకుంటారు, పెరట్లో టెంటు వేసుకోనిచ్చి డబ్బు తీసుకుంటారు. బయటివాడు టీషర్టుల కొట్టు పెట్టాలంటే ఊరికి లైసెన్సు రుసుము కట్టాలి. 2020లో కరోనా నడుమ ర్యాలీ పెట్టాలా వద్దా అని ఊరివాళ్లని సర్వే అడిగారు. అరవై శాతం పైగా వాయిదా వేయమన్నారు. పెట్టేశారు. అయినా అడిగారు చూడండి, నాకు అసూయ అక్కడే. మా ఊళ్లో అడగడం మాట దేవుడెరుగు, బజ్జీల బండిని ముందురోజు సాయంత్రమే లేపేశారు. పళ్ల బండి అతని దగ్గర గజమాలకని యాపిళ్లు తీసుకెళ్లిన వాళ్లు, డబ్బు సంగతి ఎత్తితే 'సార్ పదవిలో కుదురుకోనీ' అన్నారట.

ఇక ఆ కుర్రాళ్లు. ఇంటర్ తప్పినవాళ్లు, డిగ్రీ పాసై ఖాళీగా ఉన్నవాళ్లు, ఆ పూటకి డెలివరీ బ్యాగు ఇంట్లో పెట్టి వచ్చినవాళ్లు. వాళ్లకి కండువా ఇచ్చారు. జెండా ఇచ్చారు. పెట్రోలు కూపనిచ్చారు, బిర్యానీ పొట్లం ఇచ్చారు. కొందరికి పొద్దున పదింటికే క్వార్టరు సీసా అందింది. హెల్మెట్ ఇవ్వలేదు. మొహాలు కనపడకపోతే డ్రోన్ షాట్ బాగుండదట. ఒక చేత్తో జెండా, ఇంకో చేత్తో హ్యాండిల్, వెనక ఇద్దరు, బైపాస్ మీద లారీల మధ్యలోంచి పోనిచ్చారు వాళ్లని. నాయకుడు ఎయిర్‌బ్యాగుల కారులో, చుట్టూ మనుషుల గోడ కట్టుకుని వచ్చాడు. ఆయన కొడుకు ఉన్నాడా ఆ బైకుల్లో? ఆ పదవి కోసం పోటీపడ్డ ఏ ఒక్కడి కొడుకైనా ఉన్నాడా? ఒక పిల్లాడు జారిపడి తల డివైడర్‌కి కొట్టుకుంటే ఏమవుతుందో మీకు తెలుసు. వాళ్లమ్మ భుజం మీద చెయ్యేసి ఫొటో దిగుతారు, పార్టీ అండగా ఉంటుందంటారు, ఇదే జిల్లా పేజీలో 'కార్యకర్త కుటుంబానికి పరామర్శ' అని వేయించుకుంటారు. సిగ్గుండాలి. ఎవరి బిడ్డ తలకాయ పెట్టి మీ బలప్రదర్శన? రెండు వేల బైకులు కావాలంటే ముందు రెండు వేల హెల్మెట్లు కొనండి. కొనలేకపోతే నడిచి రండి. ఊరు మాదే అంటున్నారుగా, సొంత ఊళ్లో నడవడానికి ఏం రోగం?

జనవరి వస్తోంది, రోడ్డు భద్రతా మాసం. హెల్మెట్ వాడకంపై ప్రజల్లో అవగాహన కల్పించడానికి మా ఊళ్లో పెద్ద కార్యక్రమం తలపెట్టారు. ముఖ్య అతిథి ఈయనే. కార్యక్రమం ఏమిటంటే బైక్ ర్యాలీ, బైపాస్ నుంచి గడియారస్తంభం దాకా. క్రేన్‌కి అడ్వాన్స్ కూడా ఇచ్చేశారట. పళ్ల బండి అతను మాత్రం ఈసారి డబ్బు చేతిలో పడితేనే యాపిళ్లు అంటున్నాడు.