నట్టింట్లో పగడపు దిబ్బ: బరంపురం గృహస్థులకు మనవి

కుజదోష నివారణకు ఉంగరపు వేలికి ఎర్ర పగడం పెట్టుకుని ఇంతకాలం సరిపెట్టుకున్న బరంపురం గృహస్థులలో కొందరు ఇప్పుడు బతికున్న పగడాన్నే నట్టింట్లో గాజుతొట్టెలో పెంచడానికి పూనుకోవడం ఎంతైనా హర్షించదగిన విషయం. పట్టుచీరలకూ అప్పడాలకూ పేరుపడ్డ ఊరికి ఈ ఒక్క కీర్తే కొరవడింది. ఎందుకు పెంచుతున్నారని అడిగితే వీరు కాలక్షేపమని చెప్పరు, సముద్రాన్ని కాపాడుతున్నామంటారు. అంత పెద్ద మాటను తేలికగా తీసుకోరాదు గనుక, ఆ రక్షణ కార్యం ఏ విధంగా సాగుతుందో సవివరంగా మనవి చేస్తాను.

సముద్రం గోపాలపురంలో, మనకు 16 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. కానీ ఆ నీరు పనికిరాదు. నదులు తెచ్చిపోసే ఒండ్రు వల్లా, వానాకాలంలో తగ్గిపోయే ఉప్పదనం వల్లా ఈ తీరాన పగడపు దిబ్బలు ఏర్పడలేదు. వాటిని చూడాలంటే మన్నార్ సింధుశాఖకో, కచ్‌కో, లక్షద్వీపాలకో, అండమాన్‌కో పోవాలి. అందుచేత మన రక్షకుడు కుళాయి నీటిని ఆర్వో యంత్రంలోకి పంపి, అందులో కరిగి ఉన్న సమస్తాన్నీ తీసివేయించి, ఒక్కో లీటరు శుద్ధజలానికి రెండు మూడు లీటర్లను మురుగుకాలువలోకి సాగనంపి, ఆ శుద్ధజలంలో డబ్బాలో కొన్న ఉప్పును లీటరుకు సుమారు 35 గ్రాముల లెక్కన కలిపి, సముద్రాన్ని మొదటినుంచి తానే తయారు చేసుకుంటాడు. మండువేసవిలో బిందెలు పట్టుకుని కుళాయి దగ్గర నిలబడ్డ ఇరుగుపొరుగువారు ఆ కాలువ వైపు చూసే చూపులో శాస్త్రీయ దృక్పథం లోపించిందని చెప్పక తప్పదు.

తయారైన సముద్రంలోకి పగడాన్ని వెంటనే దించరాదు. రాళ్ళు పేర్చి, అమ్మోనియాను నైట్రైట్‌గానూ, నైట్రైట్‌ను నైట్రేట్‌గానూ మార్చే బాక్టీరియా తగినంతగా పెరిగేవరకు, నాలుగు నుంచి ఆరు వారాలపాటు ఖాళీ తొట్టెను చూస్తూ కూర్చోవాలి. ఇంటికి వచ్చిన వియ్యంకులకు ఉప్పునీటిలోని రాళ్ళను చూపించి అరగంట మాట్లాడగలిగినవాడే ఈ దశను దాటగలడు. ఆ తరువాత వచ్చే పగడపు ముక్కను కొత్త నీటికి బొట్టుబొట్టుగా, కొత్త వెలుతురుకు రోజురోజుకూ కొంచెంకొంచెంగా అలవాటు చేయాలి. 1936లో సరిహద్దు జరిగి రాత్రికి రాత్రి మద్రాసు రాజధాని నుంచి ఒడిశాలో పడ్డ మన తాతలకు ఎవరూ ఇవ్వని వెసులుబాటు ఇది.

పగడానికి కావలసిన ఆహారంలో అధికభాగం దాని ఒంట్లోనే కాపురముండే, నాచు జాతికి చెందిన సూక్ష్మ శైవలాలు వెలుతురు సాయంతో వండిపెడతాయి. నీరు వేడెక్కితే ఆ శైవలాలు బయటికి పోతాయి, పగడం తెల్లబోతుంది. కాబట్టి తొట్టె నీరు 25, 26 డిగ్రీల దగ్గర నిలవాలి. మే నెల బరంపురంలో ఇది చిల్లర్ అనే యంత్రం లేనిదే జరగదు. చిల్లర్ నీటిలోని వేడిని తీసి గదిలోకి వదులుతుంది, గదిలోని వేడిని పోగొట్టడానికి ఏసీ కావాలి, రెండింటికీ కావలసిన కరెంటు తాల్చేరు బొగ్గును మండించగా వస్తుంది. బొగ్గు పొగతో భూగోళం వేడెక్కి సముద్రంలోని దిబ్బలు తెల్లబడుతున్నాయని, ఇది నాలుగో ప్రపంచవ్యాప్త విపత్తని 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అనగా మన రక్షకుడు దిబ్బను చంపే పొగలో తన వంతు పొగ కలిపి, దిబ్బలోని ఒక ముక్కను చల్లగా ఉంచుతున్నాడు. ఇంతటి పరిపూర్ణమైన రక్షణ విధానం మరే రంగంలోనూ నాకు కనిపించలేదు. పక్కగదిలో ఫ్యాను కింద పడుకున్న పెద్దావిడ మాత్రం, "ఒరే నాయనా, ఆ తలుపు కాస్త తీసి ఉంచరా, దాని చల్లగాలి నాకూ తగులుతుంది" అని అప్పుడప్పుడు అంటూ ఉంటుంది. తలుపు తీస్తే ఉష్ణోగ్రత మారుతుందని ఆమెకు తెలియదు.

ఆమె రక్తంలో చక్కెర ఎంతుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు గాని, తొట్టెలో కాల్షియం లీటరుకు 420 మిల్లీగ్రాములుందని కొడుకును అర్ధరాత్రి లేపి అడిగినా చెబుతాడు.

సముద్రాన్నే కాపాడాలనుకుంటే గంట ప్రయాణంలో రుషికుల్య ముఖద్వారం ఉంది. అక్కడ ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఏటా కాకపోయినా కొన్ని ఏళ్ళు లక్షల సంఖ్యలో వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వాటికి కాపలా కాస్తారు. కానీ అక్కడ ఇసుక అంటుతుంది, పైగా తాబేలు పగడంలా తొట్టె మీది నీలిదీపం కింద మెరవదు.

పగడం పెరిగాక దానిని బోన్ కట్టర్‌తో ముక్కలు కోసి, ఒక్కో ముక్కను సూపర్ గ్లూ జెల్‌తో చిన్న బిళ్ళకు అంటించి, తోటి రక్షకులకు అమ్మాలి. అమ్మేటప్పుడు వాటికి సినిమా తారలకు పెట్టినట్టు పేర్లు పెట్టడం పరిపాటి, ఎందుకంటే అసలు పేరు చెబితే చిక్కు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001 నుంచి రాతి పగడాలన్నీ పులి సరసనే ఉన్నాయి, నేరం రుజువైతే శిక్ష 3 నుంచి 7 ఏళ్ళ జైలు. రాతి అస్థిపంజరం లేని జోయాంథిడ్లు, మెత్తని మష్రూమ్ పగడాలు రాతి పగడాల కిందికి రావు గనుక పిరికివారు వాటితో తృప్తిపడవచ్చు. అయితే పిరికివాడు సముద్రాన్ని ఏం కాపాడతాడు? కాపాడేవాడు చట్టం ఏ జీవినైతే కాపాడిందో దానినే కొనాలి. అటవీశాఖవారు తలుపు తట్టినప్పుడు, ఇరువురూ ఒకే ఆశయం కోసం పనిచేస్తున్నామని వారికి సౌమ్యంగా నచ్చజెప్పాలి.

ఇక తుపాన్ల సంగతి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటాక ఈ ప్రాంతమంతా రోజుల తరబడి చీకట్లో ఉంది. మళ్ళీ అటువంటిది వస్తే పంపులు ఆగిపోతాయి, కదలని నీటిలో కొన్ని గంటలకే ప్రాణవాయువు తరిగిపోతుంది. తుపాను రక్షణ కేంద్రంలో మనుషులకు చోటిస్తారు గాని, రెండు వందల లీటర్ల సముద్రానికి ఇవ్వరు. కనుక కుటుంబ సభ్యులందరూ ఇంట్లోనే ఉండి, కరెంటు వచ్చేవరకు చెంబుతో తొట్టె నీరు ముంచి పైనుంచి పోస్తూ ఉండాలి. వంతుల పట్టిక ఇప్పుడే రాసి గోడకు అంటించుకోవడం ఉత్తమం. అర్ధరాత్రి రెండు నుంచి నాలుగు వరకు వంతును, ఆ వయసులో ఎలాగూ నిద్రపట్టదు గనుక, పక్కగదిలోని పెద్దావిడకు కేటాయించవచ్చును.