సవరణ: సోఫీ బావ గురించి, 1950 గురించి

ఇంగ్లిష్ రచయిత్రి జార్జెట్ హేయర్ రాసిన 'ది గ్రాండ్ సోఫీ' నవల మీద మొన్న పెట్టిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. నాయిక సోఫీ చివరికి పెళ్లాడే చార్లెస్‌ని ఆమెకి పెద్దమ్మ కొడుకు అని రాసేశాను, "అన్నని పెళ్లి చేసుకోవడమేంటండీ" అని ఇద్దరు ముగ్గురు అడిగాక గానీ వెలగలేదు. చార్లెస్ వాళ్లమ్మ లేడీ ఆంబర్స్‌లీ సోఫీ నాన్నకి సోదరి, అంటే చార్లెస్ మేనత్త కొడుకు, వరసకి బావే! అమెరికా పాఠకుల్లో కొందరికి ఈ మేనరికమే మింగుడుపడదు, మనకైతే అసలు ప్రశ్నే రాదు.

రెండోది పెద్ద తప్పు. వడ్డీ వ్యాపారి గోల్డ్‌హ్యాంగర్ సీన్‌లో యూదులపై ఉన్న ఏహ్యతని "1930ల పుస్తకం కదా, అప్పటి ధోరణి" అని తేల్చేశాను. కాదు, నవల వచ్చింది 1950లో, యూదుల ఊచకోత జరిగిన రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఐదేళ్లకి. జిడ్డు జుట్టు, ముక్కు వర్ణన, అన్నీ తెలిసి రాసినవే. సోఫీ పిస్తోలు తీసి చార్లెస్ తమ్ముడు హ్యూబర్ట్ రాసిచ్చిన అప్పు పత్రమూ, తాకట్టు పెట్టిన పచ్చల ఉంగరమూ రాబట్టే తీరుకి నేను ఇప్పటికీ నవ్వుతాను, కానీ అక్కడే పుస్తకం మూసేశామన్న వాళ్లతో వాదించడం మాత్రం మానేశాను.